కింద కుడి మూల

మా మరదలు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. సెలవు దొరికితే మ్యూజియంలు తిరుగుతుంది, తిరిగింది చాలక వాటి గురించి చదువుతుంది. మా నాన్న తెనాలిలో బోర్డు ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చి బ్రష్షు మూలన పెట్టించేదాకా బట్టల కొట్ల బోర్డులూ, సినిమా బ్యానర్లూ, లారీల వెనక రాతలూ ఆయన పని. వీళ్ళిద్దరూ జపాన్ బొమ్మల మీద పోట్లాడుకున్నారంటే వింతగా ఉంటుంది గానీ, అసలు తగాదా జపాన్ గురించి కాదు. చేసిన వస్తువు మీద చేసినవాడి పేరుండాలా వద్దా అన్నది. నేను మధ్యలో కూర్చుని రాసుకున్నాను. చెప్పిందే చెప్పిన చోట్ల కత్తిరించాను. విసుర్లు మాత్రం ఉంచాను, అవి లేకపోతే వీళ్ళు వీళ్ళు కారు.

మరదలు: ఈ అల బొమ్మ నువ్వు చూసే ఉంటావు మావయ్యా. టీ కప్పుల మీదా టీషర్టుల మీదా అంతటా ఇదే. హొకుసాయి వేశాడు, 1831 ప్రాంతంలో.

నాన్న: చూడకేం. పెద్ద అల, కింద మూడు పడవలు, దూరంగా గోరంత కొండ. కొండను గోరంత చేసి కూడా కొండే అనిపించాడంటే గట్టివాడే.

మరదలు: ఆ కొండ ఫ్యూజీ. దాని మీద ముప్పయ్యారు దృశ్యాలని మొదలుపెట్టి, జనం ఎగబడి కొంటుంటే నలభయ్యారు దాకా తెచ్చారు. కానీ ఒక మాట. ఆ కాగితం మీద హొకుసాయి చేతి గీత ఒక్కటీ లేదు.

నాన్న: మరి ఎవడిది?

మరదలు: ఆయన పల్చటి కాగితం మీద సిరాతో గీసి ఇస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతకు అటూ ఇటూ కోసుకుంటూ పోతాడు. చెక్కడం అయ్యేసరికి ఆ కాగితం చెక్కపొట్టుతో కలిసి పోతుంది. అందుకే ఆ అలకు అసలు బొమ్మంటూ లోకంలో ఎక్కడా లేదు. తర్వాత రంగుకో చెక్క దిమ్మె. అచ్చు వేసేవాడు దిమ్మెకు రంగు పూసి, తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్ళతో కాగితం వీపు రుద్దుతాడు. ఇదిగో, ఈ కొండ వెనక ఆకాశం చూడు. కింద ముదురుగా ఉండి పైకి పోయేకొద్దీ పల్చబడిందా? అది చెక్కితే వచ్చేది కాదు. అచ్చు వేసిన ప్రతిసారీ దిమ్మె మీద రంగును తడితో జార్చాలి. ఒకసారి చెయ్యి బరువైతే ఆకాశం మబ్బు పట్టినట్టే. వీటన్నిటికీ డబ్బు పెట్టింది నిషిమురాయా యొహాచి అనే ప్రచురణకర్త. ఇంతమంది చేస్తే ఎడమ పై మూల పేరు మాత్రం హొకుసాయిది.

నాన్న: అంటే నా వాదన నువ్వే చేస్తున్నావు. చెక్కినవాడికి అన్యాయం జరిగింది.

మరదలు: కాదు. నువ్వు అన్యాయం అంటావు, నేను అబద్ధం అంటాను. నలుగురి పని మీద ఒక పేరు వేయడమే అబద్ధం. అసలు పేరే లేకుండా బతికిన కళలు ప్రపంచంలో ఎన్ని లేవు? బొమ్మ బాగుందా లేదా చూడక, కింద ఎవరి సంతకం ఉందో చూసి వెల కట్టడం ఎప్పుడు మొదలైందో అప్పుడే దొంగ సంతకాలూ మొదలయ్యాయి.

నాన్న: పేరంటే పొగడ్త అనుకుంటున్నావు నువ్వు. పేరంటే అడ్రసు. బట్టల కొట్టు బోర్డు చూసి, పక్క ఊరి కిరాణా కొట్టాయన ఇది రాసినవాణ్ణి పిలవండ్రా అనాలంటే కింద కుడి మూల నేనుండాలి. లేకపోతే ఆ రెండో బోర్డు ఇంకెవడికో పోతుంది. అది గొప్ప కోసం కాదమ్మడూ, అన్నం కోసం. సరే, ఒకటి చెప్పు. చెక్కేవాడు ఎవడైనా ఒకటేనా ఆ హొకుసాయికి?

(మరదలు ఇక్కడ కాస్త తటపటాయించింది. తన దగ్గరున్న సరుకు అవతలివాడికి పనికొస్తుందని తెలిసినా దాచుకోలేని రకం.)

మరదలు: ఒకటి కాదు. ఎగావా తోమెకిచి అనే అతనితోనే చెక్కించమని ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. మిగతావాళ్ళు ముక్కులూ కళ్ళూ తన పద్ధతిలో కాకుండా వేరే బడివాళ్ళ పద్ధతిలో చెక్కేస్తున్నారని గొడవపెట్టాడు. ఫ్యూజీ మీద తర్వాత 1834లో మొదలైన పుస్తకంలో చెక్కినవాడిగా తోమెకిచి పేరు అచ్చయింది కూడా.

నాన్న: చూశావా! ఆయనకీ పేరే కావలసి వచ్చింది. పేరు తెలియకపోతే ఎవణ్ణి పిలవమంటాడు? ముక్కు సరిగ్గా చెక్కేవాణ్ణి ఎవరినో ఒకరిని అని రాస్తాడా?

మరదలు: కావలసినవాడు అడిగి తెలుసుకున్నాడు. కొనే ప్రతివాడికీ తెలియాలని ఏముంది?

నాన్న: కొనేవాడికి తెలియకపోతే రేపు రేటు పెంచమని తోమెకిచి అడగలేడు కాబట్టి. ప్రచురణకర్తకు మాత్రమే తెలిస్తే ప్రచురణకర్త చెప్పిందే రేటు.

మరదలు: ఇంకో పేరు చెబుతాను, ఇది నీకు మరీ నచ్చుతుంది. హొకుసాయికి ఓయి అని కూతురు. పెళ్ళి నిలవక తండ్రి దగ్గరికే వచ్చేసి ఆయనతో కలిసి పనిచేసింది. ఆమె పేరుతో మిగిలిన బొమ్మలు చాలా తక్కువ. తండ్రి చివరి రోజుల బొమ్మల్లో ఆమె చేయి ఎంతుందో అని పండితులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతున్నారు. ఆమెదే అనుకునే ఒక బొమ్మ టోక్యోలో ఓతా మ్యూజియంలో ఉంది. రాత్రివేళ యోషివారా వేశ్యావాటిక. కటకటాల వెనక వెలుతురులో ఆడవాళ్ళు, బయట చీకట్లో తొంగిచూసే జనం. మూలల్లో సంతకం లేదు. కానీ జనం చేతుల్లో లాంతర్లున్నాయి. మూడు లాంతర్ల మీద మూడు అక్షరాలు. కలిపి చూస్తే ఆమె పేరు అక్షరాలే.

నాన్న చాలాసేపు ఆ బొమ్మను ఫోన్‌లో పెద్దది చేసి చూశాడు. లాంతరు వెలుతురు నేల మీద ఎంత మేర పడిందో వేలితో కొలిచాడు.

నాన్న: నువ్వు గెలవడానికి చెప్పావో ఓడిపోవడానికి చెప్పావో గానీ, ఈ పిల్ల నా పార్టీ. మూలన పెట్టనివ్వకపోతే లాంతరులో పెట్టింది.

మరదలు: పెట్టనివ్వలేదని ఎవరన్నారు? సరదాకి పెట్టి ఉండచ్చు.

నాన్న: సరదాకి పెట్టేవాళ్ళు మూలనే పెద్దగా పెడతారు.

(దీని మీద ఎవరూ తీర్పు చెప్పలేరు. నాకు నాన్న మాటే తగిలింది, కానీ అది రుజువు కాదు.)

మరదలు: సరే, ఈ పోట్లాట మనమే మొదలుపెట్టింది కాదు. ఇరవయ్యో శతాబ్దంలో జపానులోనే రెండు వర్గాలయ్యాయి. ఒకవైపు వతనాబే షోజబురో అనే ప్రచురణకర్త. గీసేవాడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు, పాత పద్ధతే ఉండాలన్నాడు. దాన్ని షిన్ హంగా అంటారు. కవాసే హసుయి మంచు బొమ్మలు అక్కడివే. మంచులో ఎర్రటి గుడి ముందు గొడుగు పట్టుకుని ఒక ఆడమనిషి, 1925లోది. ఆ మంచు తునకలు చూస్తే చెక్కినవాడికి దండం పెట్టబుద్ధేస్తుంది. రెండోవైపు సోసాకు హంగా. నేనే గీస్తాను, నేనే చెక్కుతాను, నేనే అచ్చు వేస్తాను, అప్పుడే అది కళ అన్నవాళ్ళు. యమమోతో కనాయే అనే కుర్రాడు 1904లో జాలరి బొమ్మ ఒకటి అలా చేశాడు, అక్కణ్ణుంచి మొదలు. నాకు ఈ రెండోవాళ్ళతోనే పేచీ. నేనే నేనే నేనే! మూడు పనుల్లో మూడు తరాల నైపుణ్యం ఉంటే, ఒక్కడే మూడూ చేస్తానని మూడూ అరకొరగా చేయడం.

నాన్న: ఆ కనాయే ఎవరబ్బాయి? బాగా చదువుకున్న ఇంటివాడా?

మరదలు: (నవ్వి) చిన్నప్పుడే చెక్క చెక్కే కార్ఖానాలో పనికి కుదిరాడు. తర్వాత బొమ్మల కాలేజీకి వెళ్ళాడు.

నాన్న: అది ముందు చెప్పవేం! నేనే నేనే అన్నది గీసేవాడి పొగరు కాదు, చెక్కేవాడి తిరుగుబాటు. పరాయివాడి గీత కోసికోసి విసిగినవాడు తన గీత తాను కోసుకున్నాడు.

మరదలు: దానివల్ల ఏం పోయిందో కూడా విను. పాత కార్ఖానాల్లో పెద్ద చెక్కేవాడొక్కడే ముఖమూ జుట్టూ చెక్కేవాడు. నుదుటి దగ్గర జుట్టు మొలిచే చోట ఒక్కో వెంట్రుకా విడివిడిగా, చెక్క మీద పైకి లేచి నిలబడాలి. గీత చెక్కడం కాదు, గీత మిగిలేలా చుట్టూ తీసేయడం. కుర్రవాళ్ళకు బట్టల మడతలూ చెట్లూ. ఏళ్ళు గడిస్తే గానీ జుట్టు దాకా రానిచ్చేవారు కాదు. అలాంటి చేయి ఎవడో ఒక్కడు తన సంతకం కోసం తయారుచేసుకునేది కాదు. ఒక కొట్టు కలిసి తయారుచేసేది.

నాన్న: అది నిజం. బ్యానర్ పనీ అంతే. గళ్ళు గీసి, హీరో కళ్ళూ పెదాలూ నేను వేసేవాణ్ణి. చొక్కా, వెనక మంటలు, హెలికాప్టరు కుర్రాళ్ళకు.

మరదలు: కింద సంతకం?

నాన్న: నాది.

మరదలు: హెలికాప్టరు వేసిన కుర్రాడిది?

(నేను నాన్న ముఖం చూశాను. ఏమీ మారలేదు. ఆయనకు జవాబు ముందే ఉంది.)

నాన్న: వాడు నాలుగేళ్ళు హెలికాప్టర్లు వేసి, కళ్ళు వేయడం నేర్చుకుని, ఎదురు వీధిలో సొంత కొట్టు పెట్టి నా బేరాలే పట్టుకుపోయాడు. వాడి సంతకం నా సంతకం కన్నా పెద్దది. సంతకమంటూ ఒకటి ఉంది కాబట్టే ఎప్పటికైనా అక్కడికి చేరాలని వాడికి తెలిసింది. ఎవరి పేరూ లేని కొట్టులో వాడు దేనికోసం ఎదురుచూస్తాడు?

మరదలు: పని కోసం! పని బాగా రావడం కోసం. నీకు తెలియనిది కాదు మావయ్యా. బోర్డు మీద మొదట శ్రీ రాసేవాడివి. నీ శ్రీ చూడ్డానికే మేం చిన్నప్పుడు నిచ్చెన కింద నిలబడేవాళ్ళం. బ్రష్షు ఎత్తకుండా పైనుంచి తిప్పి కిందికి జార్చి, తోక దగ్గర మునివేళ్ళతో బ్రష్షును దొర్లించేవాడివి, అక్కడ సన్నబడేది. అప్పుడు నీ పేరు గుర్తుందా నీకు? వేలసార్లు రాసిన చేయి దానంతట అదే రాసేది. యనాగి సోయెత్సు అనే ఆయన చెప్పింది సరిగ్గా ఇదే. రోజుకు వందల గిన్నెలు చేసే పల్లెటూరి కుమ్మరి అందం గురించి ఆలోచించడు. అందుకే ఆ గిన్నెలో అందం దిగుతుంది. తను గొప్ప పని చేస్తున్నానని తలచుకున్న క్షణాన చేయి బిగుసుకుంటుంది. హమదా షోజి, కవాయి కంజిరో అనే కుమ్మరులతో కలిసి 1925లో ఆయన దీనికి మింగెయ్ అని పేరు పెట్టాడు. 1936లో టోక్యోలో కొమాబా దగ్గర మ్యూజియం కట్టాడు. నేను తరచూ వెళ్ళేది అక్కడికే. చెప్పుల స్టాండు దగ్గర్నుంచే నచ్చుతుంది నాకు ఆ చోటు. గిన్నెలు, నేత గుడ్డలు, చీపుర్లు. ఏ ఒక్కటీ నన్ను చూడు అనదు.

నాన్న: చేయి తనంతట తను రాసింది, ఒప్పుకుంటాను. కూలి మాత్రం తనంతట తను రాలేదు. నీ యనాగి కుమ్మరా?

మరదలు: కాదు. పెద్ద చదువు చదివిన రచయిత. నౌకాదళం అధికారి కొడుకు.

నాన్న: పుస్తకాల మీద పేరుండేదా?

మరదలు: ఉండేది. ఎగతాళి చేయకు. ఆయన ఊరికే కూర్చుని రాసినవాడు కాదు. కొరియా జపాన్ చేతికింద ఉన్న రోజుల్లో, 1922లో, సియోల్ రాజభవనం ముందరి గ్వాంగ్వామున్ ద్వారాన్ని కూల్చబోతుంటే సొంత ప్రభుత్వాన్నే తప్పుపడుతూ రాశాడు. 1924లో అక్కడే కొరియా జానపద కళకు మ్యూజియం పెట్టించాడు. ఆయన మనసు పారేసుకున్న గిన్నె కూడా కొరియాదే. కిజాయెమోన్ అంటారు. పదహారో శతాబ్దంది. బూడిద పసుపు రంగు, పగుళ్ళ గీతలు, అడుగున పూత ముద్దకట్టి చర్మంలా ఉంటుంది. అక్కడి బీదవాళ్ళు తిండి తినడానికి చేసిన మామూలు గిన్నె అని ఆయన నమ్మకం. జపాన్‌వాళ్ళు దాన్ని టీ గిన్నెగా నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు జాతీయ సంపద. క్యోతోలో దైతొకుజి మఠం పరిధిలోని గుడిలో, పెట్టెలో పెట్టెలో పెట్టెలో ఉంటుంది. 1931లో ఆయనకు చూపించినప్పుడు, ఇంత సాదా గిన్నెనా అని పొంగిపోయాడు. చేసిన కుమ్మరి పేరు ఎవరికీ తెలియదు.

నాన్న: ఆగు. కిజాయెమోన్ అన్నావు. అది ఎవరి పేరు?

మరదలు: ... ఒసాకా వర్తకుడు. ఒకప్పుడు గిన్నె అతని దగ్గర ఉండేది.

నాన్న: (తొడ చరిచి) అదీ! పేరు లేని గిన్నె కాదే అది. పేరుంది. కొన్నవాడి పేరు!

మరదలు: ఆ కొన్నవాడు ఒళ్ళంతా కురుపులు లేచి దరిద్రుడై చచ్చిపోయాడని కథ. తర్వాత ఎవరి చేతికి వెళితే వాళ్ళకు కురుపులేనట. అందుకే గుడికి ఇచ్చేశారంటారు.

నాన్న: కుమ్మరి శాపం అయ్యుంటుంది.

నేను అప్పటిదాకా నోరు మెదపలేదు. ఇక్కడ ఆగలేక అమరావతి సంగతి ఎత్తాను. ఆ స్తూపం రాళ్ళ మీద శాసనాలు బోలెడు. చాలావరకు దానం చేసినవాళ్ళవే. విధికుడనే తోలుపని చేసేవాడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలక ఇచ్చాడని అక్షరాలా రాసి ఉంది. రెండువేల ఏళ్ళ నాటి చెప్పులు కుట్టేవాడి పేరు మనకు మిగలడం మామూలు విషయం కాదు, సంతోషించాలి. కానీ ఆ పూర్ణకుంభాన్ని చెక్కిన శిల్పి ఎవరు? మరదలు వెంటనే రామప్ప గుడిని అడ్డం వేసింది, శిల్పి పేరుతో పిలిచే గుడి అని. నిజమే, జనం నోట అలాగే ఉంది. 1213 నాటి శాసనంలో ఉన్నది మాత్రం కట్టించిన రేచర్ల రుద్రుడు.

నాన్న: మన సెంటర్లో ఫ్లెక్సీ చూడు. ముప్పై మంది ఫొటోలు, ముప్పై పేర్లు, శుభాకాంక్షలతో అని. చేసినవాడిది అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో సెల్ నంబరు. అమరావతి నుంచి ఇదే వరస.

మరదలు: ఆ నంబరైనా ఉంది కదా. నీ అడ్రసు.

నాన్న: అందుకే వాడంటే నాకు కోపం లేదు.

మరదలు: హమదా సంగతి వింటావా మరి? మషికో అనే ఊళ్ళో స్థిరపడి, ప్రపంచమంతా పేరొచ్చాక కూడా కుండల మీద సంతకం పెట్టలేదు. కవాయి అయితే ప్రభుత్వం ఇస్తానన్న బిరుదు కూడా వద్దన్నాడు. పేరు లేకుండా ఉండడం పేదవాడి మీద రుద్దేదే కాదు, కోరి ఎంచుకునేది కూడా.

నాన్న: వద్దనడానికి వీళ్ళకు ముందు పేరుంది. ఉన్న గడియారం తీసేయడం వేరు, గడియారమే లేకపోవడం వేరు. సంతకం లేకపోతే హమదా కుండ అని ఎలా తెలిసేది?

మరదలు: చూస్తే తెలిసేది... పెట్టె మీద రాసిచ్చేవాడు.

నాన్న: పెట్టె మీదా!

(ఇద్దరూ ఒకేసారి నవ్వారు. హమదాకు 1955లో ప్రభుత్వం జాతీయ సంపద లాంటి మనిషి అని గౌరవమిచ్చిందని మరదలు నవ్వు మధ్యలో చెప్పింది. దానికి నాన్న ఇంకా నవ్వాడు.)

మరదలు: నవ్వు. కానీ ఒకటి నువ్వు కాదనలేవు. ఆ టీ గిన్నెలూ డబ్బాలూ దాచుకునే సంచులున్నాయే, కొన్ని పాతవి మన కోరమాండల్ తీరం అద్దకం గుడ్డలతో కుట్టినవి. డచ్చివాళ్ళ ఓడల్లో వెళ్ళాయి. సరసా అని అక్కడ ప్రాణం పెట్టేవాళ్ళు. జానెడు ముక్కను కూడా పారేయకుండా అతికి అతికి వాడేవారు. మచిలీపట్నం వైపు ఎవరో అద్దిన పువ్వును మూడు వందల ఏళ్ళు ఎవరో ప్రేమించారు. పేరుతో ప్రేమించలేదు, పువ్వునే ప్రేమించారు.

నాన్న: పువ్వుకేం, బాగానే ఉంటుంది. ఆ అద్దినవాడి మనవడు ఏమయ్యాడన్నది నా ప్రశ్న. మిల్లు గుడ్డ వచ్చి కొట్టినప్పుడు జపాన్‌వాడు ఫలానా ఆయన గుడ్డే కావాలని రాయగలిగాడా? ఎవరికని రాస్తాడు?

మరదలు దీనికి వెంటనే ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, ఈసారి తనతో తీసుకెళ్ళడానికి కొన్న శ్రీకాళహస్తి కలంకారీ తెచ్చి మంచం మీద పరిచింది. చేత్తో గీసిందే. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ వాసన ఇంకా ఉంది. నల్లగీత ఇనపముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో గీసింది. కలానికి చుట్టిన ఉన్ని నొక్కినచోట గీత లావెక్కి, వదిలినచోట సన్నబడింది. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని ఆ గీత వెంటే పోయాడు.

నాన్న: ఇక్కడ చెయ్యి మారింది. ఈ నెమలి గీసినవాడు ఈ తీగ గీయలేదు. తీగ కొత్త చేయి, భయపడుతూ పోయింది. నెమలి మెడ చూడు, ఒక్క ఊపులో దించాడు. ఎవరు వీళ్ళు?

మరదలు: కొట్టువాళ్ళ పేరుంది బిల్లు మీద.

నాన్న: ఫోన్ చేసి అడుగు.

మరదలు: గీసేవాళ్ళు వేరు, రంగులు నింపేవాళ్ళు వేరు, ఏట్లో ఉతికేవాళ్ళు వేరు మావయ్యా. ఎవరి పేరని అడగను?

నాన్న: అందరివీ అడుగు. అంచు ఇంత పొడుగుంది, పట్టదా?

మరదలు: అంచు మీద పేర్లుంటే టోక్యోలో గోడకు పెట్టుకునేవాళ్ళు కొనరు.

నాన్న: అయితే మడత లోపల రాయమను.